ఊరు దాటిన తిట్టు

మా మరిది మునిరామయ్య తిట్టిన తిట్టు ఒకటి ఆకాశానికి తగిలి విశాఖపట్నంలో పడింది. తిట్టింది గంగజాతరలో, తోటి వేషం రోజు, సాయంత్రం ఏడు గంటల ఆరు నిమిషాలకు. అదే నిమిషంలో అది అక్కడ వినబడిందని ఒక కార్డు మీద రాసి ఉంది. ఆ కార్డు నా ట్రంకుపెట్టెలో ఉంది. నమ్మనివాళ్ళకు చూపిస్తాను గానీ చేతికి ఇవ్వను.

తిరుపతిలో మా ఇల్లు గంగమ్మ గుడికి దగ్గర్లో. కింద రెండు వాటాలు. ఒకటి నాది, ఒకటి మునిరామయ్యది. పైన మిద్దె ఇద్దరిదీ. నడుమ సున్నంతో గీసిన గీత ఒకటి ఉంటుంది. ఏటా వానలకు అది చెరిగిపోతే మునిరామయ్యే మళ్ళీ గీస్తాడు. గీసినప్పుడల్లా అది నావైపు ఒక వేలెడు జరుగుతుంది.

మిద్దె మీద నా సగంలో ఉన్న గదిలో చంద్రకాంతమ్మ అద్దెకు ఉండేది. ముప్పై ఏళ్ళు తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "డ్యూటీ ఉండింది" అనేది. అంతకు మించి చెప్పేది కాదు. ఆ గదిలో ఆమె తన చేత్తో కట్టుకున్న రేడియో ఉండేది. వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. దేశంలో అలాంటి రేడియోలు పెట్టుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు ఒకరినొకరు గాలిలో వెతుక్కుని మాట్లాడుకుంటారు. దానికి ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. ఆ పరీక్షలో తంతి చప్పుళ్ళు కొట్టడం రావాలి, విని రాయడం రావాలి.

నేను ఆమె దగ్గర ఆ చప్పుళ్ళు నేర్చుకుంటున్నాను. పొట్టి చప్పుడు, పొడుగు చప్పుడు, అంతే. వాటిని కలిపితే ఇంగ్లీషు అక్షరాలవుతాయి. ఆ అక్షరాలు ఎట్లా ఉంటాయో చూడకముందే ఎట్లా మోగుతాయో నాకు తెలిసింది. గంటెతో చట్టి మీద, వేలితో పళ్ళెం మీద, ఏది దొరికితే దాని మీద కొట్టేదాన్ని. ఆగస్టులో మద్రాసులో నా పరీక్ష. దరఖాస్తు కూడా పంపించాం.

చిక్కంతా స్తంభంతో వచ్చింది. మిద్దె మీద ఇనప స్తంభం, దాని కొసన దువ్వెన పళ్ళలాంటి అల్యూమినియం కమ్మీలు. అవి ఎటు తిరిగితే మాట అటు పోతుంది. గోడ గట్టిగా ఉన్నచోట నిలబెట్టాలి కాబట్టి ఆ స్తంభం సున్నపు గీత దాటి మునిరామయ్య సగంలోకి రెండడుగులు పోయింది. ఆయనేమో అక్కడ రేకుల షెడ్డు వేసి కొండకు వచ్చే యాత్రికులకు గదులు ఇవ్వాలని చూస్తున్నాడు. స్తంభం పీకేస్తే నాయుడుపేటలో తన చెల్లెలి ఇంటికి పోతానని చంద్రకాంతమ్మ చెప్పేసింది. ఆమె పోతే రేడియో పోతుంది. రేడియో పోతే నా ఆగస్టు పోతుంది.

మంగళవారం పొద్దున పేపర్లో ఒక ప్రకటన వచ్చింది. శుక్రవారం సాయంత్రం సముద్రపొడ్డు నుంచి ఒక రాకెట్ వదులుతారని, ఆకాశంలో రంగుల మేఘం కనిపిస్తుందని, ప్రజలు భయపడవద్దని. చంద్రకాంతమ్మ అది చదివి, కాఫీ చల్లారిపోయేదాకా గోడకేసి చూస్తూ కూర్చుంది. తర్వాత వైజాగులో ఉన్న తన రేడియో స్నేహితుడు సుబ్రమణ్యానికి టెలిగ్రాం ఇచ్చింది. ఆయన హార్బర్లో ఉద్యోగి. తిరుగు టెలిగ్రాం సాయంత్రానికే వచ్చింది. అందులో ఒకే మాట ఉంది: సిద్ధం.

మునిరామయ్య షెడ్డుకు కొలతలు తీసుకోవడానికి మిద్దెక్కింది కూడా అప్పుడే.

"ఏమమ్మా తంతీ, మీ రేడియో యాడికి పోతాది?" అన్నాడు టేపు పరుస్తూ.

"రేణిగుంట దాకా. బాగుంటే చంద్రగిరి," అంది చంద్రకాంతమ్మ.

"దానికేనా ఇంత స్తంభం? నేను మిద్దెక్కి అరిస్తే రేణిగుంటోడు పలకతాడు గదా."

"ఈ శుక్రవారం వైజాగు పోతాది."

మునిరామయ్య టేపు వదిలేశాడు. అది చుట్టుకుంటూ పోయి ఆయన బొటనవేలికి తగిలింది.

"సూడప్పా," అంది చంద్రకాంతమ్మ. "మా మాట చక్కంగా పోతాది, వంగదు. భూమేమో వంగిపోతాది. అందుకని కొంచెం దూరం పోతానే మాట ఆకాశంలోకి జారిపోతాది. శుక్రవారం రాకెట్టు పోయి ఆ పైన ఒక పొడి చల్లుతాది. ఎండ తగిలితే ఆ పొడిలో కరెంటు పుడతాది. పదైదు నిమిషాలు అది గోడ మాదిరి నిలబడతాది. ఆ గోడకేసి మన మాట కొట్టినామంటే ఎగిరిపోయి వైజాగులో పడతాది."

"సాయంత్రం ఏడింటికి ఎండ యాడుంటాది?"

"మనకు మునిగిపోతాది. అంత పైకి ఇంకా తగులుతానే ఉంటాది."

"ఎంత పైకి?"

"మన తిరుమల కొండ మీద కొండ పెట్టు. దాని మీద ఇంకో కొండ. అట్ల రెండొందలు పెట్టుకో."

మునిరామయ్య తల పైకెత్తి పెట్టుకుంటూ పోయాడు. పది కొండల దగ్గర మెడ పట్టేసినట్టుంది, దించేశాడు.

"అంత పైకి పోయి గోడ గట్టి, పదైదు నిమిషాలకే పడగొట్టుకుంటారా? గోడనేది నిలబడేదానికి గదా కట్టేది!"

"నీ షెడ్డు నిలబడినంత సేపు నిలబడతాదిలే," అన్నాను నేను.

"నువ్వుండు వదినా. చట్టీలు కొట్టుకో పో." ఆయన నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "సరే, పోతాదనే అనుకుందాం. మీరూ మీ వైజాగాయనా ముందే కూడబలుక్కోరని ఏం నమ్మకం? మాట నాది. ఆ పొద్దు, ఆ నిమిషానికి వచ్చి చెప్తా. అది ఆడికి పోయినట్టు నాకు రుజువు కావాల. లేకుంటే జాతరైన మర్నాడు గురప్పను పిలిచి స్తంభం పీకించేస్తా."

గురప్ప ఇనప పని చేసే మేస్త్రీ.

"మర్నాడెందుకు, ఈ పొద్దే పీకించరాదా?" అన్నాను.

ఆయన చెంపలు వేసుకున్నాడు. "రేత్రికి జాతర చాటింపు గదా. చాటింపేసినాక ఈ ఊర్లోది ఏదీ పొలిమేర దాటకూడదు. స్తంభం పీకితే ఆయమ్మ దాన్ని నాయుడుపేటకు ఎత్తకపోతాది. గంగమ్మకు అపచారం."

ఈ సంగతిలో మునిరామయ్యకు చాలా పట్టింపు. చాటింపు మొదలు జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు ఊరు విడవకూడదని మా దగ్గర కట్టడి. ఒక ఏడు ఆ రోజుల్లో ఆయన మేకపిల్ల చంద్రగిరి దారిన పడిపోయింది. పొలిమేర దాకా వెంటపడిన మనిషి అక్కడ ఆగి, గంటసేపు దాన్ని బతిమాలాడు గానీ కాలు అవతల పెట్టలేదు. మేకకు అంత పట్టింపు లేదు. పోయింది.

పందెం ఒప్పుకున్నాం. చంద్రకాంతమ్మ ఒక్క నియమం పెట్టింది. లైసెన్సు లేని నోరు మైకు ముందుకు రాకూడదు. మునిరామయ్య తన మాట ఆమె చెవిలో చెప్పాలి. దాన్ని ఆమె రేడియోలో పలుకుతుంది. సుబ్రమణ్యం తిరిగి పలుకుతాడు. మునిరామయ్య వింటాడు. అంతే పని.

నాకొక పని ఇచ్చింది. ఆమె కుట్టుమిషను పెడలుకు వైర్లు తగిలించి, రేడియోకు మీటగా పెట్టుకుంది. కాలితో తొక్కితే మన మాట పోతుంది. కాలు ఎత్తితే అవతలి మాట వస్తుంది. ఆ రోజు ఆమె రెండు చేతులూ గదిలోకి లాగిన తాళ్ళతో స్తంభం తిప్పడానికి కావాలి, కళ్ళు ఆకాశం మీద ఉండాలి. అందుకని పెడలు నాది.

"నేను 'ఊ' అంటే తొక్కు. 'ఆ' అంటే ఎత్తు. నీ సొంత తెలివి వాడొద్దు," అంది.

శుక్రవారం వచ్చింది. తోటి వేషం రోజది. మొక్కుకున్నవాళ్ళు ఒళ్ళంతా బొగ్గుపొడి పూసుకుని, వేపమండలు కట్టుకుని వీధుల్లో తిరుగుతారు. వేషంలో ఉన్నవాళ్ళు ఎవరినైనా ఎంత మాటైనా తిట్టొచ్చు. తిట్టాలి కూడా, గంగమ్మకు అదే ఇష్టం. తిట్టించుకున్నవాళ్ళు నవ్వుకుంటూ పోవాలి. కోపం తెచ్చుకోకూడదు. బిడ్డలు పెద్దల్ని, కోడళ్ళు అత్తల్ని ఏడాదంతా అనలేని మాటలు ఆ నాలుగు రోజుల్లో బయటపడిపోతాయి. అందుకేనేమో మా వీధిలో మిగతా దినాలు అంత ప్రశాంతంగా ఉంటాయి.

ఏడు కావస్తుండగా తూర్పున ఒక తెల్లటి చుక్క పుట్టింది. చూస్తుండగానే అది పిండి ముద్దంత అయింది. పచ్చబడింది. ఆ పచ్చలో నుంచి వంకాయ రంగు పోగు ఒకటి సాగుతూ బయటికి వచ్చింది. పేపరు చదివినవాళ్ళు వీధిలో ఎంతమందో నాకు తెలియదు. కింద ఆడవాళ్ళు మాత్రం గంగమ్మే వచ్చిందని కర్పూరం వెలిగించారు. డప్పులు రెట్టింపయ్యాయి.

చంద్రకాంతమ్మ కమ్మీలను మేఘానికేసి తిప్పింది. "ఊ" అంది. నేను తొక్కాను. ఆమె తన స్టేషను పేరు చెప్పి, సుబ్రమణ్యాన్ని మూడుసార్లు పిలిచింది. "ఆ" అంది. ఎత్తాను. బుస్సుమని చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పిలిచింది. మళ్ళీ బుస్సు.

"ఇంకా ముదరలేదు మేఘం. ఈ మనిషి యాడ?" అంది.

ఈ మనిషి, అంటే మునిరామయ్య, అప్పుడే తోటి వేషంలో మెట్లెక్కి వచ్చాడు. నల్లగా, నిగనిగలాడుతూ, తల నుంచి వేపాకు రాలుస్తూ. గది వాకిట్లో నిలబడ్డాడు.

"మాట చెప్పప్పా, తొందరగా! టైమైపోతా ఉండాది!" అంది చంద్రకాంతమ్మ. "ఊ!"

ఆ 'ఊ' నాకో ఆయనకో నాకు తెలియలేదు. తొక్కాను.

చెవిలో చెప్పాల్సిన మునిరామయ్య చెవి దగ్గరికి రాలేదు. వేషంలో ఉన్నవాడు మామూలు మాట ఎట్లా చెబుతాడు? కాలు నేలకేసి కొట్టి తిట్టు ఎత్తుకున్నాడు.

"ఏమే తంతీ! ఎండిపోయిన మునక్కాయా! మూడు దినాల సద్దిలో నానిన మిరక్కాయ మొగమా! నీ కమ్మీ మీద కాకి గూడు గట్టి, పిల్లల్ని జేసి, ఆ పిల్లలకు పెండ్లిండ్లు జేసినా నీ మాట రేణిగుంట దాటదే! ఆకాశానికి గోడ గడతాదంట! నీ మొగం సూస్తే అద్దమే అవతలికి తిరుక్కుంటాది!"

"అయ్యో రామా, మాట చెప్పమంటే! ఆ!" అని చంద్రకాంతమ్మ అరిచింది.

'ఆ' అంటే ఎత్తాలి. నా కాలు ఎత్తాలనే అనుకుంది. కానీ మునిరామయ్య ఇటు తిరిగాడు.

"నువ్వేమే వదినా, దాని తోకా! పగలంతా టక్కు టక్కు టక్కు! నీ చట్టీ దెబ్బలకు ఎలకలు గూడా మూటా ముల్లే సర్దుకుని వాటా ఖాళీ చేసినాయే!"

ఇరవై ఏళ్ళుగా ఆయన తిట్లు వింటున్నాను. ఇంత మంచిది ఎప్పుడూ రాలేదు. ఇది మా వీధిలోనే ఆగిపోవడం నాకు న్యాయంగా తోచలేదు. పెడలు మీద ఇంకో కాలు కూడా పెట్టాను.

ఆయన మైకుకు నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. ఆ గొంతుకు నాలుగడుగులు ఒక లెక్క కాదు. ఆడవాళ్ళ ముందున్నానని నాలుగు మాటలు మింగాడు గానీ, మిగిలినవి రెండు నిమిషాలు వచ్చాయి. ఊపిరి అందక ఆగినప్పుడు నేను కాళ్ళు ఎత్తాను. బుస్సు. చంద్రకాంతమ్మ బయటికి చూసింది. మేఘం పీలికలై సముద్రం వైపు కొట్టుకుపోతోంది. మూడుసార్లు పిలిచింది. బుస్సు. నాలుగోసారి పిలవలేదు. కుర్చీలో కూర్చుని అద్దాలు తుడుచుకుంది.

"ఏమైంది? వైజాగు పలకలేదా?" అన్నాడు మునిరామయ్య, వేషంలో నుంచి కాస్త బయటికి వచ్చి.

"లేదు."

"నేను చెప్పలా?" అని, గీత అవతలికి పోయి మళ్ళీ కొలుచుకోవడం మొదలుపెట్టాడు. సున్నపు గీత మీద నల్లటి అడుగులు పడ్డాయి.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. శనివారమంతా చెప్పలేదు. సుబ్రమణ్యం ఆ రెండు నిమిషాల్లోనే పిలిచి ఉంటాడని, నా కాలు ఆయన గొంతు మీద ఉన్నదని లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఆదివారం బియ్యంలో రాళ్ళు ఏరుతూ చంద్రకాంతమ్మకు చెప్పేశాను.

ఆమె ఏరడం ఆపింది. నావైపు చూడకుండా, చేట అంచు మీద వేలితో నాలుగు అక్షరాలు కొట్టింది. నాలుగూ నాకు అర్థమయ్యాయి. అవి పరీక్షకు వచ్చేవి కావు.

"అక్కా, రేడియోలో అట్లాంటివి అనకూడదంటివి గదా," అన్నాను.

"చేటకు లైసెన్సు అక్కర్లేదు," అంది. తర్వాత లేచి పుస్తకాలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది. ఆ పెట్టె చప్పుడు మూడు రోజులు విన్నాను.

జాతర మంగళవారంతో అయిపోయింది. అమ్మవారి మట్టి రూపం తీసేసి, ఆ మట్టిని ప్రసాదంగా పంచారు. బుధవారం పొద్దున మునిరామయ్య స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, గురప్పను వెంటబెట్టుకుని మిద్దెక్కాడు. గురప్ప స్తంభం మొదట్లో కూర్చుని స్పానరు పెట్టాడు. నాలుగు నట్లలో మొదటిది కిర్రుమంటూ వదిలింది. రెండోది వదులుతుండగా కింద పోస్టుమాన్ గంట కొట్టాడు.

రేడియోలో కలుసుకున్నవాళ్ళు ఒకరికొకరు రుజువుగా కార్డు పంపుకుంటారు. వచ్చింది అదే. వైజాగు ముద్ర. చంద్రకాంతమ్మ అందులో ఒక్క లైను చూసి, పమిట నోట్లో కుక్కుకుని కార్డు నా చేతికి ఇచ్చింది.

"తెలుగులో ఉండాది. నువ్వే చదువు. గట్టిగా," అంది.

నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాను. అందువల్ల ఆ తిట్టు మునిరామయ్య తిట్టినప్పటికన్నా చాలాసేపు వచ్చింది.

"శు-క్ర-వా-రం. ఏడు గం-టల ఆరు ని-మి-షా-లు. మీ గొం-తు చాలా స్ప-ష్టం-గా వినబడింది. విన్న మాట..." తర్వాతి మాట దగ్గర కాస్త ఆగాను. "ఏమే తం-తీ. ఎండి-పోయిన... ము-న-క్కా-యా."

గురప్ప స్పానరు ఆగింది.

"మూ-డు దినాల సద్-సద్దిలో నా-నిన..."

"మిరక్కాయ మొగమా!" అన్నాడు గురప్ప, ఆనందంగా. "ఇది మన మునిరామయ్యన్న తిట్టు గదా! నేను కింది వీధిలో ఉండి విన్యా!"

కాకి, కాకి పిల్లలు, పెండ్లిండ్లు, అద్దం, ఎలకలు, అన్నీ ఉన్నాయి. ఒక్క మాట పోలేదు. అడుగున సుబ్రమణ్యం రాసింది ఇది: "మేము ఎంత పిలిచినా మీరు ఆపలేదు, మా మాట వినలేదు. అందుకే ఇలా రాసి పంపుతున్నాను. బూతు లేదు కాబట్టి ఫిర్యాదు లేదు. మాట్లాడిన పెద్దమనిషికి నా నమస్కారాలు. మా ఆవిడ పక్కనే ఉండి విన్నది."

కింద వీధిలో నుంచి కూడా నవ్వులు వినిపించాయి. గురప్ప లేచి స్పానరు జేబులో పెట్టుకున్నాడు. మునిరామయ్య కార్డు కేసి చూస్తున్నాడు. ఓడిపోయాడు కాబట్టి ముఖం మాడ్చుకున్నాడనుకున్నాను. అది కాదు. ఆయన ముఖంలో భయం ఉంది.

"వదినా," అన్నాడు నెమ్మదిగా. "శుక్రవారం అంటే... చాటింపైనాకే గదా."

"అవును."

"నా మాట పొలిమేర దాటిపోయింది."

"పొలిమేరేంది, జిల్లా దాటింది. నువ్వు ఈడే ఉండావు, నీ నోరు వైజాగు పోయింది," అన్నాను.

ఆయన చెంపలు వేసుకున్నాడు. ఒకసారి కాదు, గురప్ప లెక్కపెట్టేటన్నిసార్లు. "గంగమ్మ తల్లీ, నేను కావాలని పంపలే! ఇప్పుడెట్ల? మేకంటే మేక, అది పశువు. ఇది నా నోటి మాట!" ఉన్నట్టుండి వేలు ఎత్తాడు. "ఆ, కార్డులో తిరిగొచ్చేసింది గదా! వచ్చినట్టే గదా!"

"కార్డులో వచ్చింది రాత," అన్నాను. "నువ్వు పంపింది గొంతు. గొంతు పోయిన దోవలోనే రావాల. ఇంకో రాకెట్టు పోవాల, ఇంకో మేఘం పుట్టాల, వైజాగాయన నీ తిట్టు నీకు తిరిగి తిట్టాల. అప్పుడు నీది నీకు చేరతాది. దోవనే పీకేస్తే యాడనుంచి వస్తాది?"

చంద్రకాంతమ్మ అద్దాల పైనుంచి నన్ను చూసింది. ఆమెకు ఆ క్షణంలో నన్ను తిట్టాలని ఉందో, ముద్దుపెట్టుకోవాలని ఉందో నాకు తెలియలేదు.

మునిరామయ్య స్తంభాన్ని కింది నుంచి పైదాకా చూశాడు. షెడ్డు వేయాల్సిన చోటును చూశాడు. తూర్పు వైపు చూశాడు.

"గురప్పా," అన్నాడు. "ఆ నట్లు బిగించు. గట్టిగా బిగించు."

ఆ ఏడు ఆగస్టులో నేను మద్రాసు పోయి పరీక్ష రాశాను. మొదటిసారి తప్పాను, రెండోసారి గట్టెక్కాను. ఇప్పుడు పెడలు మీద కాలూ నాదే, మైకు ముందు నోరూ నాదే. లైసెన్సు గోడకు తగిలించి ఉంది. చంద్రకాంతమ్మ పెట్టె మళ్ళీ విప్పింది. మునిరామయ్య మాత్రం పేపరు రాగానే ముందు రాకెట్ల వార్తలు వెతుకుతాడు. నిరుడు ఒక రాకెట్ పోయింది గానీ పొడి చల్లలేదు. ఆ పొద్దు అన్నం సరిగా తినలేదు. పెద్దగాలి వస్తే తనే మిద్దెక్కి స్తంభానికి తాళ్ళు కడతాడు.

మొన్న వైజాగు నుంచి ఉత్తరం వచ్చింది. తిట్టు మరిచిపోకుండా కంఠతా పెట్టానని, తనకన్నా తన భార్యకే బాగా వచ్చిందని, రోజూ దాన్ని తన మీదే వాడుతోందని సుబ్రమణ్యం రాశాడు. మునిరామయ్యకు చదివి వినిపించాను. చెంపలు వేసుకుంటాడనుకున్నాను. కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"ఏ మాట ఎక్కువ వాడతాదంట?" అన్నాడు.

"మునక్కాయ."

"అది ఆడికాడే కట్టింది వదినా," అన్నాడు. "ముందు అనుకోను గూడా లేదు."